పైపొర బొగ్గు

ఆ క్వార్టర్లలో ఎవరూ బట్టలు ఎండలో ఆరేయరు. ఇంట్లోనే తాళ్లు కట్టుకుంటారు. కడిగిన కంచాన్నే అన్నం పెట్టేముందు మళ్లీ తుడుస్తారు. కరెంటు కేంద్రం పక్కన ఉన్నాక ఆమాత్రం బూడిద తప్పదని సరిపెట్టుకుంటారు. స్విచ్చి వేసిన ప్రతిసారీ మనమూ అలా సరిపెట్టుకునేవాళ్లమే కదా!

కేంద్రానికి వచ్చే బొగ్గు వ్యాగన్ల నుంచి నమూనా తీసి ల్యాబుకు ఇవ్వడం శాంపిల్ మేస్త్రి పని. అతని తొమ్మిదేళ్ల కూతురు మూడు రోజులుగా కాలనీ ఆసుపత్రిలో, ముక్కుకు గొట్టంతో పడుకుని ఉంది. "నాన్నా" అనడానికి కూడా ఊపిరి చాలడం లేదు.

"పాపను ఇప్పుడు కదిలించలేం. ఈ గాలిలో బూడిద తగ్గకపోతే నేను చేయగలిగిందీ లేదు" అంది డాక్టరమ్మ.

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. నేరుగా కంట్రోల్ రూముకు వెళ్లాడు. పొగలోని బూడిదను పట్టి ఆపే యంత్రం దగ్గర డ్యూటీ చేసేది అతని భార్యకు అన్న.

"మిషన్ ఆపేసి కూర్చున్నావా బావా? అక్కడ నీ మేనకోడలు ఊపిరాడక కొట్టుకుంటోంది!"

ఆయన కోప్పడలేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. "నువ్వే చూసుకో, అన్నీ నడుస్తున్నాయి. నూటికి ముప్పైనాలుగు పాళ్ల బూడిద ఉండే బొగ్గు కోసం కట్టిన మిషన్ ఇది. నీ శాంపిళ్లలోనూ ఎప్పుడూ అంతకు మించదు. మరి ఇంత బూడిద ఎక్కణ్ణుంచి వస్తోంది బావా? పట్టగలిగినంత పడుతుంది. మిగిలింది పైకే పోతోంది."

ఎక్కణ్ణుంచో మేస్త్రికి తెలుసు.

వ్యాగన్‌లో మోకాలి లోతు గొయ్యి తవ్వి నమూనా తీయాలి. అతను పదకొండేళ్లుగా పైపైనే తీస్తున్నాడు. కాంట్రాక్టరు నిగనిగలాడే బొగ్గు పైన పరిపిస్తాడనీ, కింద ఉండేది రాయీ మట్టీ అనీ తెలియక కాదు. పోనీ లంచం తిన్నాడా అంటే అదీ లేదు. నడుం నొప్పి, మనకెందుకొచ్చిన గొడవ అనే బద్ధకం, అంతే! అతని ముందు పనిచేసినవాళ్లూ అలాగే తీశారు.

ఆ పూట వచ్చిన వ్యాగన్లు ఎక్కి, పార పట్టి మోకాలి లోతు తవ్వాడు. ల్యాబులో కాల్చి చూస్తే నూటికి నలభైతొమ్మిది పాళ్లు బూడిదే మిగిలింది.

మేస్త్రి తెచ్చిన ల్యాబు కాగితాన్ని ఇంధనం ఆఫీసరు పక్కకు నెట్టాడు. "పైనుంచి ఇంకో శాంపిల్ పట్రా. ఈ బొగ్గు వద్దంటే యూనిట్ ఆపాలి. ఊరికి కరెంటు నువ్విస్తావా?"

"మీ కాళ్లు పట్టుకుంటా సార్." నిజంగానే పట్టుకున్నాడు. "పదకొండేళ్లు నేనే అబద్ధం తెచ్చిచ్చా. నా ఉద్యోగం తీసేయండి, జైల్లో పెట్టించండి. ఆ బొగ్గు మాత్రం వేయకండి. మా పిల్ల తట్టుకోలేదు."

ఆఫీసరు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. బయట, బొగ్గును పొయ్యికి చేరవేసే బెల్టు కదిలిన చప్పుడైంది.

మేస్త్రి లేచి పరుగెత్తాడు. మనిషి బెల్టులో చిక్కుకుంటే ఆపడానికి దాని పొడవునా ఒక తాడు ఉంటుంది. దాన్ని రెండు చేతులా లాగాడు. బెల్టు ఆగింది. కాపలావాళ్లు వచ్చి పడ్డారు. ఎంత గుంజినా అతను తాడు వదల్లేదు.

"పిచ్చెక్కిందా? ప్రాణం మీదికొస్తేనే లాగాలి ఆ తాడు!" అని అరిచాడు ఆఫీసరు.

"వచ్చింది సార్," అన్నాడు మేస్త్రి ఏడుస్తూ. "వ్యాగన్‌లో మనం దాచిన బూడిద ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరి పిల్ల ఊపిరితిత్తుల్లో తేలుతుంది."