భుజం మార్చే చోట

పాటల దొంగతనం కేసుల్లో మా మావయ్యని మించిన బారిస్టరు లేడని పేరు. ఆయనకి సంగీతం బొత్తిగా తెలియదన్న సంగతి మాత్రం మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. తెలియకపోవడమంటే మామూలుగా కాదు. అత్తయ్య వంటింట్లో ఏ పాట పాడుతోందో మాటలు చెవిన పడితేనే చెప్పగలడు. మాటలు తీసేసి కూనిరాగం తీస్తే, కుక్కర్ కూతకీ దానికీ తేడా ఆయన్ని అడగకూడదు.

అలాంటి మనిషి, ఆఫీసుకి ఎవరైనా సంగీత దర్శకుడు వచ్చి రెండు ట్యూన్లు వినిపిస్తే, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, మధ్యలో ఒక్కసారి "ఊఁ" అంటాడు. వచ్చినవాళ్ళు ఆ "ఊఁ"తోనే సగం గెలిచినంత ధైర్యం తెచ్చుకుని వెళ్తారు. వాళ్ళు గడప దాటగానే నావైపు తిరిగి, "ఏమ్మా, రెండూ ఒకటేనా?" అని అడుగుతాడు. నేను పన్నెండేళ్ళు సంగీతం నేర్చుకున్నదాన్ని. లా చదివి ఆయన దగ్గర జూనియర్‌గా చేరిందీ అందుకే, ఆయన చేర్చుకున్నదీ అందుకే. ఆఫీసులో "సార్" అనాలి, ఇంట్లో "మావయ్యా" అనాలి. పొరపాటున ఆఫీసులో నోరు జారానంటే కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఇక్కడ మావయ్యలెవరూ లేరండీ" అంటాడు.

ఒక సోమవారం పొద్దున ఒక ఆయా మా దగ్గరికి వచ్చింది. ప్రసూతి ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తోంది. బరువైన చేతిసంచి ఒకటి భుజాన వేసుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది.

"కూర్చుంటే పాట రాదు సారూ. నాకు నిలబడే అలవాటు," అంది.

ఆమె గోడు ఇదీ. పిల్లల్ని నిద్రపుచ్చడానికి తనే ఒక రాగం కట్టుకుంది. మాటలు లేవు, ఉత్త రాగమే. పోయిన ఏడాది వచ్చిన సినిమాలో అదే రాగానికి మాటలు పెట్టేశారు. ఇప్పుడు బస్సుల్లో, దుకాణాల్లో, ఫోన్లలో ఎక్కడ చూసినా అదే పాట.

"పాడుకుంటే పాడుకోనీ అనుకున్నాను సారూ. కానీ మొన్న హెడ్ నర్సమ్మ పిలిచి, వార్డులో సినిమా పాటలు పాడొద్దంది. నా పాట నేను పాడుకోకూడదా? నాదంటే అందరూ నవ్వుతున్నారు. ఈ వయసులో గొప్పలకి పోతోందంటున్నారు. నాకు డబ్బొద్దు. ఇది ఈమె పాటేనని ఒక్క కాగితం ఇప్పించండి చాలు. మళ్ళీ పాడుకుంటాను," అంది.

మావయ్య మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపి, "సాక్షులెవరైనా ఉన్నారామ్మా?" అని అడిగాడు.

"ఎందుకు లేరు? నేను నిద్రపుచ్చిన పిల్లలు వేలమంది ఉన్నారు," అంది ధీమాగా.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మావయ్య మాత్రం నవ్వకుండా "ఒకసారి పాడండి," అన్నాడు. ఆమె పాడుతున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకోలేదు. క్లయింటు ముందు ఆయన తన వేషం మానేయడం నేను చూడటం అదే మొదలు. మనసు కరిగిందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఆమె ఎప్పుడు వచ్చినా పాడించుకునేవాడు, గుడ్లప్పగించి చూసేవాడు.

ఆమె పాటనీ సినిమా పాటనీ పక్కపక్కన పెట్టి స్వరాలు రాయడం నా పని. మూడో వరస చివర ఆమె కాస్త ఆగేది. పెద్దావిడ, పైగా సంచి మోస్తూ నిలబడి పాడుతోంది, ఊపిరి అందడం లేదు పాపం అనుకున్నాను. సినిమా పాటలోనూ సరిగ్గా అక్కడే ఆగుతారు. కానీ అది వాళ్ళ స్టైలనీ ఇది ఈమె ఆయాసమనీ నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఆమె పాటలో ఆ ఖాళీ తీసేసి వరసలు చక్కగా కలిపేశాను. పెద్దావిడ పరువు కాపాడానని కాస్త గర్వపడ్డాను కూడా. మావయ్యకి స్వరాలు చదవడం రాదు కనక, ఫైలు లావు చూసి మెచ్చుకుని సంతకం పెట్టేశాడు.

కోర్టులో అవతలి బారిస్టరు లేచాడు. వెన్నలాంటి గొంతు.

"జోలపాటలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అవి ఎవరి సొంతమూ కావు. నా క్లయింటు పాటకి అందం తెచ్చింది మూడో వరస చివర వచ్చే ఆ నిశ్శబ్దం. అది ఆవిడ పాటలో లేనే లేదు. నా మాట ఎందుకు, వాళ్ళ జూనియర్ గారు రాసిచ్చిన కాగితాలే చూడండి," అన్నాడు.

మావయ్య మెల్లగా నావైపు వంగి, "తీసేశావా?" అన్నాడు.

"ఆయాసం అనుకున్నాను సార్."

ఆయన తలాడించి ముందుకు తిరిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జడ్జి గారు ఆయాని పాడి వినిపించమన్నారు. ఆమెకి అంతమంది ముందు బెరుకు పుట్టింది కాబోలు, బోను కమ్మీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని పాడింది. మొదటి వరస, రెండో వరస, మూడోది, నాలుగోది. ఎక్కడా ఆగలేదు. అవతలి బారిస్టరు చిరునవ్వుతో కూర్చున్నాడు. నేను పప్పులో కాలేయడం ఆమెని కూడా ముంచేసిందని నాకు అర్థమైంది.

మావయ్య లేచాడు. నా ముందున్న ఫైలు అందుకుని జడ్జి గారికి చూపించాడు.

"ఇది మా జూనియర్ మూడు వారాలు కష్టపడి తయారు చేసిన ఫైలండీ. ఇందులో రాసినదాంతో మాకు ఉపయోగం లేదని ఇప్పుడే తేలింది. అయితే బరువు మాత్రం మూడు కిలోలుంటుంది. మీరు అనుమతిస్తే దీన్ని ఒకసారి సాక్షి చేతికిస్తాను."

కోర్టు హాల్లో నవ్వులు. నేను తల దించుకున్నాను.

ఆయా ఫైలు అందుకుంది. ఎవరూ చెప్పకుండానే దాన్ని ఎడమ భుజాన వేసుకుంది. ఒక చెయ్యి కింద ఆనించి, రెండో చేత్తో మెల్లగా తడుతూ మళ్ళీ పాడింది. మూడో వరస అయ్యింది. ఆగింది. ఫైలుని మెల్లగా ఎత్తి కుడి భుజం మీదికి మార్చి, పైఅంచు కింద అరచెయ్యి పెట్టి సర్దింది. అప్పుడు నాలుగో వరస ఎత్తుకుంది. ఇందాక నవ్వినవాళ్ళు మెడలు సాచి చూశారు.

"ఎందుకాగారమ్మా?" అని అడిగాడు మావయ్య.

"భుజం మార్చాలి కదా సారూ. మారుస్తూ పాడితే బిడ్డ ఉలిక్కిపడుతుంది. మెడ కింద చెయ్యి కుదిరేదాకా ఆగాలి," అంది ఆయా, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

తర్వాత సంగీత దర్శకుడు బోనెక్కాడు. మావయ్య ఆయన్ని ఒక్కటే అడిగాడు. "అయ్యా, మీ చేతుల్లో బిడ్డ లేదు కదా. మరి మీరెందుకు ఆగారు?"

"అదొక... అనుభూతి..." అంటూ ఆయన నీళ్ళు నమిలాడు. చూపు ఆయా మీద పడింది. ఆమె పక్కన బల్ల మీద కూర్చుని ఇంకా ఆ ఫైలుని భుజాన వేసుకుని తడుతూనే ఉంది.

"మా పాప నెలలు నిండకుండా పుట్టింది," అన్నాడు చివరికి. "పదకొండు రోజులు అద్దాల గదిలో ఉంచారు. నేను బయట బల్ల మీద కూర్చునేవాణ్ణి. లోపల ఎవరో ఆవిడ పిల్లల్ని ఎత్తుకుని పాడుతూ తిరిగేది. నాకు మొహం గుర్తులేదు. రాగం నాకే తట్టిందనుకున్నాను. ఒట్టు, నాకే తట్టిందనుకున్నాను."

అవతలి బారిస్టరు తల పట్టుకున్నాడు. బల్ల మీంచి ఆయా, కోర్టు మర్యాదలన్నీ మరిచిపోయి, "పాప ఎలా ఉంది బాబూ?" అని అడిగింది.

"బాగుందమ్మా. నాలుగేళ్ళు నిండాయి. ఆ పాట పాడితే గానీ నిద్రపోదు," అన్నాడు ఆయన. కళ్ళు తుడుచుకోవడానికి జేబురుమాలు కూడా తీయలేదు.

ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. పాట ఆయాదేనని ఇరువైపులా రాసుకున్నాం. సినిమాలో ఆమె పేరు వేస్తారు.

ఇంటికి వెళ్ళే దారిలో కారులో అడిగాను. "నీకెలా తెలిసింది మావయ్యా?"

"నాకు రాగం తెలియదు కదమ్మా, చూస్తూ కూర్చోవడం తప్ప ఏం చెయ్యను? ఆవిడ వచ్చినప్పుడల్లా ఒకే చోట సంచిని భుజం మార్చేది. పాట ఆగడం మాత్రం నాకూ వినపడుతుంది," అన్నాడు. మళ్ళీ తనే, "ఆయాసమట, ఆయాసం!" అని పకపకా నవ్వాడు. ఆ మాట పట్టుకుని ఇంట్లో అందరూ నన్ను ఇప్పటికీ ఏడిపిస్తున్నారు.

మర్నాడు కాగితం పట్టుకుని ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. హెడ్ నర్సు దాన్ని రెండుసార్లు చదివి, వార్డు గోడ మీది బోర్డుకి గుచ్చింది. ఆయా చేతులు కడుక్కొచ్చి, గుక్కపట్టి ఏడుస్తున్న ఒక బిడ్డని ఎత్తుకుని రాగం అందుకుంది.

"ఇది సినిమా పాట కదూ?" అంది మంచం మీది బాలింత.

ఆయా గడ్డంతో బోర్డు వైపు చూపించింది. "కాదమ్మా. సినిమావాళ్ళే నా పాట పాడారు," అని మళ్ళీ మొదటి వరస నుంచి ఎత్తుకుంది.

మూడో వరస చివర ఆగి, బిడ్డని భుజం మార్చుకుంది. గుమ్మంలో నిలబడ్డ మావయ్య నావైపు వంగాడు. "ఏమ్మా, ఆ పాటేనా?"

"అదే సార్."

"ఇక్కడ సార్లెవరూ లేరమ్మా," అన్నాడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ.

అప్పటికే బిడ్డ నిద్రపోయింది. ఆయా మాత్రం పాట ఆపలేదు.