చుట్టరికాల పాఠం

ఇంటికి ఒక్క బిడ్డే అని చట్టం వచ్చి పదేళ్లయినా, రెండో తరగతి వాచకంలోంచి చుట్టరికాల పాఠం తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఏటా ఆ పాఠం రాగానే టీచరు ప్రాణం ఉసూరుమనేది. ముప్పైమంది పిల్లల్లో ఒక్కరికీ తోడబుట్టినవాళ్లు లేరు.

"అక్క అంటే ఎవరర్రా?"

"పక్కింట్లో ఉంటుంది టీచర్, సైకిల్ తొక్కుతుంది!"

"మరి తమ్ముడు?"

"మా నాన్నకి ఉన్నాడు టీచర్. అప్పట్లో దొరికేవాళ్లట."

టీచరు నవ్వు ఆపుకుంది. వెనక బల్ల దగ్గర జనాభా ఆఫీసు గుమాస్తా హాజరుపట్టీ సరిచూసుకుంటున్నాడు. ఏడాదికోసారి వస్తాడు. దాచిన బిడ్డ దొరికితే తీసుకుపోయి ఎక్కడో పెంచుతారు. ఎక్కడన్నది కన్నవాళ్లకి చెప్పరు.

"చెల్లి అంటే?"

ముందు బల్లలో వసపిట్ట లేచి నిలబడింది. నోరు మూతపడదని ఆ పిల్లకి తోటిపిల్లలు పెట్టిన పేరది.

"చెల్లికి పాలసీసా ఇచ్చేముందు మన చేతిమీద ఓ చుక్క వేసుకుని చూడాలి టీచర్. అది జుట్టు పీకినా మనం కొట్టకూడదు. ఏడిచిందనుకోండి, గబగబా రేడియో పెద్దగా పెట్టాలి."

టీచరుకి సంగతి అర్థమైంది. ఎవరితోనూ అనొద్దని ఇంట్లో వందసార్లు చెప్పే ఉంటారు. తనొక్కదానికే తెలిసిన జవాబు దొరికిన సంతోషంలో పిల్ల అంతా మరిచిపోయింది.

వెనక కాగితాల చప్పుడు ఆగింది.

"చాల్లే, కూర్చో. బొమ్మకి పాలు పట్టి చెల్లి అంటున్నావా?"

"బొమ్మ కాదు టీచర్! దానికి రెండు పళ్లు కూడా..."

టీచరు పిల్ల చెంప మీద ఒక్కటి వేసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లమీదా చెయ్యి చేసుకుని ఎరగదు. "అబద్ధాలకోరు!" అని గొంతు చించుకుంది. తరగతంతా వంత పాడింది. ఆ గోలలో మాట కొట్టుకుపోతుందనుకుంది.

వసపిట్ట ముఖం కందగడ్డయింది. "నేనేం అబద్ధం చెప్పలేదు."

గుమాస్తా లేచి వచ్చి, పిల్ల ముందు గొంతుకూర్చున్నాడు. జేబురుమాలు తీసి దాని కళ్లు ఒత్తాడు.

"ఏంటండీ టీచరుగారూ, పసిదాన్ని పట్టుకుని! నువ్వు చెప్పు తల్లీ. నేను నమ్ముతాను. మామయ్యలాంటివాణ్ణి కదూ?"

"దాని మాటలకేంటండీ, అది వట్టి వాగుడుకాయ..." టీచరు అడ్డం వచ్చింది.

వసపిట్ట ముక్కు ఎగబీల్చి, టీచరు వంక ఒకసారి చూసింది.

"మా ఇల్లు దగ్గరే. రండి మామయ్యా, చూపిస్తాను."

అతని చూపుడువేలు పట్టుకుని, పందెం గెలిచినట్టు తల ఎత్తుకుని, గుమ్మం దాటింది.