సున్నం కలిసిన స్ఫటికం

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ తూకమ్మ అనేవారు. ఇనుప ఆక్సైడ్ స్ఫటికాన్ని కొలిమి గొట్టంలో వేలాడదీసి, హైడ్రోజన్ పంపి, ఆక్సిజన్ ఊడిపోయి ఇనుము మిగిలేకొద్దీ బరువెంత తగ్గిందో రాసుకోవడం ఆమె పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు గాని, నోరు మాత్రం పుట్టుకతోనే ఖాయమైంది.

స్ఫటికాలు పెంచేది పెద్దసారు. పన్నెండేళ్లుగా మచ్చలేని స్ఫటికం కోసం ప్రాణం పెట్టిన మనిషి. రవ్వంత మలినం చేరినా ఇనుము సరిగా రాదని ఆయన వాదం. కాదన్నవాళ్లెవరూ ఆ గదిలో ఎక్కువకాలం నిలవలేదు.

పోయిన నెల ఆయన సెలవులో ఉండగా తూకమ్మే ఒక స్ఫటికం పెంచింది. అంతకుముందు సున్నం కరిగించిన మూసపాత్రను సరిగ్గా కడగలేదు, అంటుకున్న సున్నం స్ఫటికంలో కలిసింది. చేసింది వెధవపనే. కానీ పెద్దసారు స్ఫటికాలు సగం దారిలో మొండికేస్తే, ఇది చివరిదాకా బరువు తగ్గింది. నమ్మకం కుదరక, ఈసారి సున్నం తూచి మరీ కలిపి రెండుసార్లు చేసింది. అదే ఫలితం.

సెలవు నుంచి వచ్చి, ఫలితాలు రాసిన కాగితం చూసి పెద్దసారు మొహం మాడ్చుకున్నారు. పరికరంలో లోపమని రాసి సంతకం పెట్టమన్నారు, లేదంటే వేరే ఉద్యోగం వెతుక్కోమన్నారు.

నమూనాలు కోసే ఆయన తూకమ్మకు సొంత బాబాయి, ఈ ఉద్యోగం చూపించిందీ ఆయనే. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవద్దని, ఆ ఒక్క ముక్కా రాసి పారేయమని బతిమాలాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"రాయడం సంగతి తర్వాత బాబాయ్. ముందు కొలిమిలోంచి తీసిన ఆయనదీ నాదీ రెండు స్ఫటికాలూ కోసిపెట్టు."

గొణుక్కుంటూనే కోసి, నునుపు చేసి ఇచ్చాడు. తూకమ్మ వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి పెద్దసారును పిలిచింది. ఆయన స్ఫటికం మీద ఇనుము గట్టి పొరగా కమ్ముకుంది. వాయువు దూరే సందులేక, నడుమ ఆక్సైడ్ నల్లగా అలాగే మిగిలిపోయింది. సున్నం కలిసినదానికి రొట్టెముక్కలా ఒళ్లంతా సన్నని చిల్లులు. వాటిగుండా వాయువు లోపలిదాకా వెళ్లింది, మందుకు వెతికినా ఆక్సైడ్ లేదు.

పెద్దసారు రెండు ముక్కలనూ మార్చి మార్చి చూశారు.

"అయినా పొరపాటు పొరపాటే. నేను చెప్పినట్టే రాయమ్మా."

తూకమ్మ ఆయన ముందే కూర్చుని రాసింది. మూస కడగకపోవడం నా పొరపాటు, ఫలితంలో పొరపాటు లేదు. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

"కాదనాలనుకుంటే దీని కిందే రాయండి సార్. నేను చూసింది నేను కొట్టెయ్యను."

పెద్దసారు జేబులోని కలం తీయలేదు. బాబాయి చేతులు ప్యాంటుకు తుడుచుకుని వచ్చాడు. కాగితం తన వైపు లాక్కున్నాడు.

"కోసింది నేను," అని ఆమె సంతకం పక్కనే తన సంతకం గీకాడు.