ఉడత మార్కు దావా

నేను ఒక ఇత్తడి అచ్చుని. అరచేతిలో ఇమిడేటంత ఉంటాను. నా ముఖాన తోక పైకెత్తి కూర్చున్న ఉడత ఒకటి ఉంది, అదీ తిరగేసి. సబ్బు మీద పడేసరికి మాత్రం తిన్నగానే కూర్చుంటుంది. మనుషుల్లోనూ ఇలాంటివాళ్ళు ఉంటారు, కాకపోతే గట్టిగా నొక్కి చూసేదాకా ఎవరు తిన్నగా పడతారో తెలీదు.

నన్ను పోయించినవాడు పెద్దాపురంలో బట్టల సబ్బు వండే వీర్రాఘవులు. పోతపోసేవాడి పక్కనే పీట వేసుక్కూర్చుని, తోక బాగా కుదిరేదాకా అతని ప్రాణం తీశాడు. అన్ని జంతువులుండగా ఉడతే ఎందుకని అడిగితే, "చదువు రానోళ్ళు కూడా పేరెట్టి అడగాలి కదండీ" అన్నాడు. ఆయన లెక్క తప్పలేదు. బజారులో వీర్రాఘవులు సబ్బు కావాలని ఎవరూ అడగలేదు, ఉడత సబ్బు అనే అడిగారు. దాంతో నాకు కాస్త తలకెక్కింది. నూనె, సోడా, కాగు ఎవరికైనా ఉంటాయి, ఉడత ఉన్నది నాకొక్కదానికే కదా అనుకునేదాన్ని.

ఆయన బతికుండగానే ఉడతను తన వ్యాపార గుర్తుగా రిజిస్టరు చేయించాడు. ఆయన పోయాక భార్య నూకరత్నం షెడ్డు నడిపింది. సబ్బు వండి, పలకలు పోసి, ముక్కలు కోసి, నాతో ఒక్కొక్కదాన్నీ నొక్కి, నీడన నెలకి పైగా ఆరబెట్టేది. ఆరని సబ్బులో సోడా పొగరు చావదు, చేతులు కాలుస్తుంది. కొట్లవాళ్ళు సరుకు కోసం గుమ్మంలో నిలబడ్డా, "ఆరలేదండి" అని తిప్పి పంపేసేది. ఆమె మొండితనం నాకు తెలుసు, నా నెత్తిన పడే సుత్తి ఆమెదే కదా.

ఇక సబ్బు వండేవాళ్ళలో ఉన్న ఆనవాయితీ సంగతి చెప్పాలి. షెడ్డులో పని నేర్చినవాడు సొంతంగా పొయ్యి పెట్టుకుంటే, మొదటి వాయికి గురువు అచ్చు తీసుకెళ్ళి వేసుకుంటాడు. చెయ్యి కలిసిరావాలని. ఆ వాయిలో ఒక్క ముక్కా అమ్మరు, వీధి వీధంతా ఊరికే పంచుతారు. పెళ్ళికి నగ ఎరువిచ్చినట్టే ఇది కూడా. కాగితం రాసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు, వచ్చినా సిగ్గుపడతారు.

అలా నన్ను అడిగి పట్టుకెళ్ళినవాడు సత్తిరాజు. వీర్రాఘవుల్ని అన్నయ్యా అని, నూకరత్నాన్ని వదినగారూ అని పిలుస్తూ ఆ షెడ్డులోనే పెరిగి పెద్దవాడైన మనిషి. వాయి పంచాక నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయతో సహా తెచ్చి అప్పగించాడు. నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "మీ అన్నయ్యుంటే ఎంత సంతోషించేవోరో" అంది. నేనూ ఆ బొట్టు చూసుకుని మురిసిపోయాను.

ఏడాది తిరిగిందో లేదో, చాకిరేవు నుంచి అప్పలకొండ వచ్చింది. మొదటినుంచీ ఉడత సబ్బు తప్ప ఇంకోటి ముట్టని మనిషి. రెండు చేతులూ ముందుకు చాపింది. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి.

"మీ ఉడత నా సేతులు కొరికేసిందండి, రత్నమ్మగోరూ. మీ మీద నమ్మకంతో కొన్నానండి" అంది.

ఆమె తెచ్చిన ముక్క మీద ఉడతలు రెండున్నాయి, ఎదురెదురుగా. తోకలు మాత్రం నావే. నూకరత్నం ఆ పూటంతా అన్నం ముట్టలేదు. అమ్మకం తగ్గిందని కాదు, ఆ చేతులు తన పేరు చెప్పుకుని కాలాయని. ఇంకెన్ని చేతులో అని ఆమె దిగులు.

ఈమధ్య నన్ను పట్టుకెళ్ళినవాడు సత్తిరాజొక్కడే. సాయంత్రం నన్ను సంచిలో వేసుకుని అతని దగ్గరికి వెళ్ళింది. అతను కుర్చీ వేశాడు, మజ్జిగ ఇచ్చాడు, మర్యాదకేం లోటు చెయ్యలేదు. "మీది ఒకటండి, నావి రెండండి. రెండూ ఒకటెలా అవుతాయండీ?" అన్నాడు. అబద్ధాన్ని జంటగా కూర్చోబెడితే నిజమైపోతుందని అతని నమ్మకం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నాకు ఆవేళ తెలిసింది. నూకరత్నం మజ్జిగ ముట్టకుండా లేచి వచ్చేసింది.

దావా పడింది. లాయరు పేర్రాజు గారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, కేసు బలంగా ఉందన్నారు. తీరా సత్తిరాజు జవాబు దాఖలు చేశాక ఆయన ముఖం వాడిపోయింది. ఆవిడే నాకు స్వయంగా అచ్చు ఇచ్చారు, ఉడతను వాడుకోమన్నారు, ఇప్పుడు నా వ్యాపారం చూసి ఓర్వలేకపోతున్నారు అని అందులో ఉంది.

"ఇచ్చారామ్మా?" అని అడిగారు పేర్రాజు గారు.

"ఇచ్చేనండి."

"ఇచ్చినట్టు కాగితం లేదు, చూసినవాళ్ళూ లేరు. ఇవ్వలేదు అని ఒక్క మాటనేస్తే గొడవే ఉండదు. ఇచ్చానన్నారా, అనుమతి ఇచ్చినట్టే అయి కూచుంటుంది. అప్పుడు ఉడత మీద ఆశ వదులుకోవలసిందే."

ఆమె చీర కొంగుతో నన్ను తుడుస్తూ కూర్చుంది, తుడవడానికి నా మీద ఏమీ లేకపోయినా. నాకు భయం వేసింది. ఒక్క అబద్ధంతో నేను బతికిపోతాను, ఒక్క నిజంతో ఊళ్ళో అందరి సొత్తూ అయిపోతాను. ఇత్తడికి నోరుంటే అప్పుడు అబద్ధమే ఆడమని బతిమాలేదాన్ని.

కోర్టులో నా మెడకి దారంతో చీటీ కట్టి బల్ల మీద పెట్టారు. నూకరత్నం బోనెక్కింది. అవతలి లాయరు అడిగిన మొదటి ప్రశ్నే అది. "ఈ అచ్చు మీ చేత్తో మీరే ఇచ్చారా, లేదా?"

"ఇచ్చేనండి" అంది. "నా చేత్తోనే ఇచ్చేను. బాగుపడాలనే ఇచ్చేను."

అవతలి లాయరు తృప్తిగా కూర్చున్నాడు. పేర్రాజు గారు కాసేపు కాగితాలు అటూ ఇటూ జరిపారు. తరవాత సత్తిరాజు వంతు వచ్చింది. ఆవిడ ఇచ్చిన సంగతి ఆవిడే ఒప్పుకుంది కాబట్టి, ఇక ఆ మొదటి వాయి సంగతి బయటికి తియ్యడానికి అడ్డేమీ లేదు. పేర్రాజు గారు చాలా మామూలుగా అడిగారు.

"ఆ అచ్చు వేసిన వాయి ఎంతకమ్మేవయ్యా?"

సత్తిరాజుకి రోషం వచ్చింది. పని నేర్చినవాణ్ణి పట్టుకుని అంత మాటంటే ఎవరికైనా వస్తుంది. "ఒక్క ముక్క అమ్మలేదండి. ఊరంతా పంచేనండి. కావాలంటే వాకబు చేసుకోండి."

"పెట్టుబడి పెట్టి వండినవాడివి, ఎందుకు అమ్మలేదు?"

"అదేంటండీ, ఆవిడ గుర్తు కదండీ. అమ్ముకుంటే తప్పు కదండీ."

అన్నాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. జడ్జిగారు తలెత్తి చూసి, ఆ జవాబు మాట పొల్లు పోకుండా రాయించారు. నాకు ఆ క్షణాన సత్తిరాజు మీద కోపం పోయింది. దొంగతనం చేశాడు నిజమే, కానీ నేర్చుకున్న మర్యాద మీద మాట పడితే ఊరుకోలేకపోయాడు.

తీర్పు మాకే వచ్చింది. ఉడత ఒకటైనా రెండైనా సత్తిరాజు వాడకూడదు, అచ్చులు కోర్టుకి అప్పగించాలి, గుర్తు పడ్డ సబ్బంతా కరిగించెయ్యాలి. నేను మాత్రం అప్పీలు గడువు అయ్యేదాకా కోర్టు బీరువాలోనే ఉండిపోయాను. షెడ్డులో పని ఆగకూడదు కదా, అందుకని నూకరత్నం అచ్చం నాలాంటిదే ఇంకోటి పోయించుకుంది. నకళ్ళ మీద యుద్ధం గెలిచిన దాన్ని, తిరిగొచ్చేసరికి నా నకలే నా పీట ఎక్కి కూర్చుంది. ఇప్పుడు నేను వాళ్ళింట్లో అద్దాల అల్మారాలో ఉంటున్నాను, చీటీ ఇంకా మెడలోనే ఉంది.

ఆమె నన్ను విడిపించుకున్న రోజు సంగతి ఒక్కటే మిగిలింది. సంచిలో వేసుకుని మెట్లు దిగుతుంటే సత్తిరాజు ఎదురుపడ్డాడు. తన అచ్చులు అప్పగించడానికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. జేబులోంచి ఒక సబ్బు ముక్క తీశాడు. దాని మీద ఏ గుర్తూ లేదు.

"ఇది నెలన్నర ఆరబెట్టేనండి" అన్నాడు. "గుర్తు లేదని కొట్లోవోళ్ళు తీసుకోటం లేదు, వదినగారూ."

సబ్బు పచ్చిదో కాదో వండేవాళ్ళు నాలుక చివర తాకించి తేల్చుకుంటారు. పచ్చిదైతే చురుక్కుమంటుంది. నల్లకోట్ల వాళ్ళంతా చూస్తుండగా నూకరత్నం ఆ ముక్కను నాలుకకి తాకించింది. సత్తిరాజు ఊపిరి బిగబట్టాడు. తీర్పు రోజున కూడా అతను అలా నిలబడలేదు.

"బాగుంది" అంది. "ఇంత బాగా వండటం వచ్చినోడివి, నా ఉడతతో నీకేం పని?"

అతను ఏడ్చేశాడు. ఆమె ఆ ముక్కను అతనికి తిరిగి ఇవ్వలేదు, సంచిలో వేసుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు చాకిరేవు వైపు తిరిగి, అప్పలకొండను పిలిచి దాన్ని చేతిలో పెట్టింది.

"ఇది వాడి చూడు. సత్తిరాజుది" అంది.