మేస్త్రి పంచిన నల్లమందు

పొద్దు నడినెత్తికెక్కినా గద్వాల స్టేషన్‌కు అవతల రైలుకట్ట మీద ఆడకూలీలు కంకర తట్టలు మోస్తూనే ఉన్నారు. వానలు పడేలోపు పట్టాల కింది మొరమంతా తీసేసి నల్లకంకర నింపాలట. మొరం మీద బండి ఊగి, మొదటి తరగతిలో కూర్చున్న దొరల కప్పుల్లో చాయ తొణుకుతోందట. ఆ చాయ తొణక్కుండా చూసినందుకు ఆడదానికి రోజుకు మూడణాలు, మగవాడికి ఆరణాలు.

మేస్త్రి అనంతయ్య గొడుగు కింద నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఏనాడూ తట్ట ఎత్తిన పాపాన పోలేదు గానీ, చెమట మాత్రం అందరికంటే అతనికే ఎక్కువ. మొలలోని తిత్తి విప్పి, మిరియంలో సగమంత నల్లమందు ఉండలు తీసి చంటిపిల్లల తల్లులకు పంచుతున్నాడు. తాగే నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోమనేవాడు, వేలు చితికితే గుడ్డపీలిక ఇవ్వనివాడు, ఇదొక్కటి ఊరికే ఇస్తాడు.

“దొర ట్రాలీ వస్తున్నది. ఒక్క పోరడు గుక్కపట్టినా ఆని తల్లికి రేపటి సంది పనిలేదు. జల్ది ఎయ్యుండ్రి.”

కట్ట దిగువన తుమ్మచెట్లకు చీరలతో కట్టిన ఉయ్యాలలు వేలాడుతున్నాయి. చివరి ఉయ్యాలలో సాయమ్మ బిడ్డ. ఇంకా పళ్లు రాలేదు. సాయమ్మది ముందే పిరికి గుండె. చెట్టు మీద కాకి వాలితే బిడ్డ కన్ను పొడుస్తుందనుకుంటుంది, గాలి వీస్తే చీర ముడి ఊడుతుందనుకుంటుంది. నిన్న అందరితోపాటు తానూ ఉండ వేసింది. పొద్దుగూకినా బిడ్డ లేవలేదు. రొమ్ములు రాయిగట్టి సలిపాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే, తగిలేది బిడ్డ ఊపిరో, వడగాలో తెలియలేదు.

ఇవాళ ఉండ అరచేతిలో మెత్తబడుతున్నా ఆమె కదల్లేదు.

“ఏంది పిల్లా, గట్ల నిలవడ్డవ్?” అంది పక్కన తట్ట నింపుతున్న హన్మమ్మ. మొదటి ఉయ్యాలలో ఉన్నది ఆమె మనవరాలే, దానికి ఉండ వేసి వచ్చింది. “నేను నా నలుగురు పిల్లలకు ఏసిన. ఏమైంది?”

“నలుగురున్నరా అత్తా?”

హన్మమ్మ పార ఆపింది. “ఇద్దరున్నరు,” అంది. “పోయినోళ్లు జరమొచ్చి పోయిండ్రు.”

అనంతయ్య వచ్చి సాయమ్మ ముందు నిలబడ్డాడు. “నోట్ల వెట్టినవా?”

“వెట్ట మేస్త్రీ. నిన్న వెడితె సచ్చినట్టు పన్నది.”

“సావలే గద. ఇంకేం రంది? పండుకున్న పిల్ల మంచిదా, కూడు లేని తల్లి మంచిదా?” తన తెలివికి తానే మురిసి నవ్వాడు. ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లకు ఎప్పుడూ గొడుగులుంటాయి.

“గంత మంచిదైతె నీ మనుమనికి వెట్టుకో.” సాయమ్మ ఉండను కంకరలోకి విసిరేసింది.

అనంతయ్య నోరు తెరిచేలోపే ట్రాలీ వచ్చింది. వెనక నలుగురు కాలే పట్టాల మీద ఉత్తకాళ్లతో పరుగెడుతూ తోస్తున్నారు. అనంతయ్య గొడుగు ముడిచి వంగిన తీరు చూస్తే, ఒంట్లో వెన్నెముక ఉన్నదా అని అనుమానం వచ్చేది. ఇంజనీరు దొర ట్రాలీ ఆపించి, చేతికర్రతో కంకరను పొడిచి చూస్తుండగా దిగువనుంచి బిడ్డ ఏడుపు లేచింది.

“ఏమిటది?”

“మేకపిల్ల హుజూర్.”

దొర తల ఊపాడు. అంత చదివినవాడికి మేకకూ మనిషికీ తేడా తెలియక కాదు. తెలుసుకుంటే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

సాయమ్మ తట్టను పట్టాల నడుమ, ట్రాలీకి ఎదురుగా దించింది. “నా బిడ్డ ఏడుస్తున్నది దొరా,” అని చెప్పి కట్ట దిగింది. “రేపటి సంది రాకు,” అని వెనకనుంచి మేస్త్రి పళ్లు కొరికాడు. ఆమె తిరిగి చూడలేదు. బిడ్డను తీసి కొంగు కప్పి పాలకు పట్టింది.

ఏడుపు ఆగింది. కట్ట మీద ఒక్క చప్పుడు లేదు. మిగతా ఉయ్యాలల్లోనూ లేదు.

“నడువుండ్రి, నడువుండ్రి,” అన్నాడు అనంతయ్య. ఎవరూ నడవలేదు. హన్మమ్మ నెత్తి మీది తట్టను ఒక చేత్తో పట్టుకుని, మొదటి ఉయ్యాల వైపు చెవి ఒగ్గి నిలబడింది.