కాదనకూడని ఆకు

ఓఫోరో రెండోసారి కూడా మూట ఎత్తలేకపోయాడు. మోకాళ్ళ మీద లేచి, అది నెత్తికి అందకముందే పక్కకు ఒరిగి, దగ్గుతూ కూలబడ్డాడు. కొండ మీది షీరా మకాంలో రాత్రి పడ్డ వడగళ్ళు ఇంకా కరగలేదు. మిగతా కూలీలు గుడారాలు మడిచేసి, ఎప్పుడెప్పుడు కదులుదామా అని కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నారు.

"ఏరా, అరటి సారా రాత్రంతా ఒక్కడివే తాగేశావా?" అని ఎవడో నవ్వాడు. ఓఫోరో కూడా నవ్వబోయాడు కాని దగ్గు నవ్వనివ్వలేదు.

గైడు ఎలిఫాసి వంగి వాడి వీపుకు చెవి ఆనించాడు. లోపల కాగే నూనెలో నీటి చుక్కలు పడ్డట్టు చిటపటమంటోంది. జుట్టు నెరిసేదాకా ఈ కొండ ఎక్కించి దింపినవాడికి ఆ చప్పుడేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోంది. నిన్న కొండెక్కడానికొచ్చిన అతిథుల్లో తెల్లావిడ ఒకామె తల పగిలిపోతోందంటే కంపెనీ బండి పక్క దారిన మకాం దగ్గరదాకా వచ్చింది. రెండో గైడు ప్రాణవాయువు సిలిండరు పట్టుకుని ఆవిడ వెంట దిగాడు. ఎలిఫాసి బండి కోసం మళ్ళీ కంపెనీకే ఫోను చేశాడు.

"ఎవరికి? అతిథికా, కూలికా?" అన్నాడు మేనేజరు.

"కూలికి సార్. మా ఊరివాడే."

"నిన్ననేగా బండి పంపాను! కూలివాడికి కాళ్ళున్నాయి కదయ్యా, దిగమను. దిగితే జబ్బూ దిగుతుంది."

పక్కనే ఉన్న వంటవాడు లెమా అంతా విన్నాడు. "అన్నా, వాణ్ణి ఒంటరిగా పంపకు. నేను తోడెళ్తా."

"నువ్వెళ్తే వాళ్ళకి వండేదెవడు?"

"పోనీ అతిథుల మరుగుదొడ్డి పెట్టె మోసేవాణ్ణి పంపు. నాలుగు పూటలు బండ చాటుకెళ్తే దొరలేం చచ్చిపోరు."

"ఆ మాట వాళ్ళతో నువ్వు చెప్తావా? పని చూసుకో."

ఆ విధంగా మరుగుదొడ్డి కొండెక్కింది, మనిషి ఒంటరిగా కొండ దిగాడు. అంతటితో ఆగినా కొంత బాగుండేది. కొండ మీద పోగైన చెత్తను కింద గేటు దగ్గర తూకం వేసి అప్పగించాలని రూలు. ఎలాగూ దిగేవాడే కదా అని ఎలిఫాసి ఆ చెత్త సంచి కూడా ఓఫోరో వీపుకు తగిలించాడు. అలవాటు కొద్దీ చేసిన పని. ఖాళీ చేతులతో ఎవరూ కొండ దిగకూడదన్నది గైడుల లెక్క.

"అన్నా, మిగిలిన రోజుల కూలి కోసెయ్యరుగా?" అన్నాడు ఓఫోరో, సంచి పట్టీ సర్దుకుంటూ. రోజుకు ఇరవై వేల షిల్లింగులు. గేటు దగ్గర అద్దెకు తెచ్చుకున్న చలికోటు డబ్బు కట్టాక మిగిలేదాంతో వాడింట్లో నలుగురు తినాలి.

"చూస్తాలే. నువ్వు మెల్లగా పో."

ఎలిఫాసి అతిథుల ముందు నడిచాడు. వాళ్ళను మెల్లగా, మెల్లగా అని హెచ్చరించడమే అతని ఉద్యోగం. ఆ రోజు తన నోటి వెంట ఆ మాట వచ్చినప్పుడల్లా ఒళ్ళు మండింది. "నిన్న పాట పాడాడే, ఆ పొడుగాయన ఏడీ?" అని అతిథుల్లో గడ్డపాయన అడిగితే, "ఇంట్లో పనుంటే వెళ్ళాడు, బాగానే ఉన్నాడు" అన్నాడు. ఈ ఓఫోరోను పనికి పిలవడానికి తనే వాళ్ళింటికి వెళ్ళాడు. వాడి తల్లి ఐకాండె, "ఎత్తు మీద వాడికి పడదేమో ఎలిఫాసీ" అని వెనకాడితే, "నేను లేనా అత్తా, నా కళ్ళ ముందే ఉంటాడు" అని కాఫీ తాగి మరీ మాటిచ్చాడు.

ఆ సాయంత్రం పై మకాంలో ఫోను అందుతోంది. వాడు చేరాడా అని గేటుకు ఒక్క మాట అడగొచ్చు. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. అతను ఫోను జేబులో పెట్టుకుని, అతిథుల వేళ్ళకు మరబిళ్ళ తగిలించి నెత్తుటిలో ప్రాణవాయువు ఎంతుందో చూడడానికి వెళ్ళాడు. మర్నాడూ ఫోను చెయ్యలేదు. శిఖరం మీద గడ్డపాయన అతన్ని కావలించుకుని, "నువ్వు లేకపోతే మేం బతికేవాళ్ళం కాదు" అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఎలిఫాసికి మంచులో చెంప మీద కొట్టినట్టయింది.

దిగుతున్నప్పుడు వేరే కంపెనీ కూలీలు చెప్పారు. ఓఫోరో దారి పక్కన చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. సంచి వీపు మీదే ఉందట. అలసట తీర్చుకుంటున్నాడనుకుని ఎంతోమంది పలకరించి దాటిపోయారట. బదులు పలకలేదేమని ఒకడు వెనక్కి వచ్చి చూస్తే తెలిసింది.

కంపెనీ శవపెట్టె పంపింది, బియ్యం బస్తాలు పంపింది, వాటితో పాటు ఒక మాట కూడా పంపింది. ఓఫోరో జబ్బు దాచాడని, ఎవరికీ చెప్పకుండా దిగిపోయాడని. అరటితోటలో వాణ్ణి పూడ్చే గుంట పక్కన నిలబడి ఎలిఫాసి ఆ మాట ఊరందరి ముందూ చెప్పాడు. కాదంటే మళ్ళీ కొండెక్కనివ్వరు. లెమా తలెత్తకుండా మట్టి వేశాడు.

ఆ తర్వాత ఎలిఫాసికి ముద్ద దిగలేదు. చివరికి ఊళ్ళో తగవులు తీర్చే తెమూ పెద్దాయన దగ్గరికి వెళ్ళి నీళ్ళు నమిలాడు.

"దానికింత మథన ఎందుకురా? ఇసాలే ఆకు కోసుకో, నేనొస్తా పద" అన్నాడు పెద్దాయన.

తప్పు చేసినవాడు ఇసాలే ఆకు ముడి వేసి చేతిలో పెడితే కాదనడం మా కొండ మీద లేదు. చంపినవాణ్ణి సైతం ఆ ఆకు కాచిందని చెప్పుకుంటారు. మంచి ఆచారమే. కాని ఆకు పట్టుకెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఒక రకం మనుషులు, పుచ్చుకుని నోరు మూసుకోవలసినవాళ్ళు ఇంకో రకం.

ఐకాండె వాకిట్లో ఆడవాళ్ళతో కూర్చుని పచ్చి అరటికాయలు చెక్కు తీస్తోంది. కట్టెలు తెచ్చిపెట్టిన లెమా గడపకు ఆనుకుని ఉన్నాడు. ఎలిఫాసి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ముడి వేసిన ఆకు రెండు చేతులా చాచాడు.

ఆమె ఆకును చూసింది, అతన్ని చూసింది. "దేనికయ్యా ఇది?"

"క్షమించమని, అత్తా."

"జబ్బు దాచింది వాడు, చెప్పకుండా దిగింది వాడు. గుంట పక్కన నిలబడి నువ్వేగా చెప్పావు! మరి నీకు క్షమాపణ ఎందుకు?"

ఎలిఫాసి పెద్దాయన వైపు చూశాడు.

తెమూ పెద్దాయన గబగబా అందుకున్నాడు. "ఆకు వచ్చాక ఆరాలు తియ్యకూడదమ్మా. పుచ్చుకో."

"పుచ్చుకోను."

"కాదనకూడదు తల్లీ! అరిష్టం. మన తాతల నాటి నుంచీ ఎవరూ కాదనలేదు."

"అరిష్టమా? ఇంకేం రావాలి బాబాయ్ నా ఇంటికి?" ఆమె గొంతు పెంచలేదు. "ఇవాళ నేను పుచ్చుకుంటే రేపు ఇంకొకళ్ళ అమ్మ ముందు ఇలాగే కూర్చుంటాడు. కంచెల నిండా ఈ ఆకులే. పిల్లలు అలా మొలుస్తారా?"

పెద్దాయన గొడుగు తీసుకుని విసవిసా వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళ చేతుల్లో కత్తులు ఆగిపోయాయి. ఎలిఫాసి చాచిన చేతులు ముందుకు పెట్టలేడు, వెనక్కి తీసుకోలేడు.

"ఆ ఆకు అవతల పెట్టు," అంది ఐకాండె. "ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పు. వీళ్ళందరూ వినేట్టు చెప్పు. క్షమించే సంగతి తర్వాత, నాకు చెయ్యాలనిపిస్తే."

"నువ్వు చెప్తావా అన్నా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు లెమా గడప దగ్గర్నుంచి.

ఎలిఫాసి ఆకు నేల మీద పెట్టాడు. ఎక్కణ్ణించి ఎత్తుకోవాలో వెతుక్కున్నాడు. ఎక్కడ మొదలుపెట్టబోయినా అక్కడ తనే ఉన్నాడు.