సోయిలేని పాలు

నేను రోట్లో గారెలకు బొబ్బెరపప్పు రుబ్బుతున్నాను. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడి, "మీ అమ్మను ఇవాళ వెనక వాకిట్లోనే ఉండమను. హైదరాబాదు నుంచి ప్రొఫెసరు గారు వస్తున్నారు" అన్నారు. గొంతు తగ్గించే అన్నారు. కానీ అమ్మ అక్కడే వెనక గడప మీద కూర్చొని పుంటికూర ఆకు తెంపుతోంది. ఆమెకు మసకబారింది కళ్ళే, చెవులు కాదు. కళ్ళు చూపించుకోవడానికే ముందురోజు కట్టంగూరు దగ్గరి మా ఊరి నుంచి బస్సులో వచ్చింది. ఆదివారం దవాఖానలో డాక్టరుండడని, సోమవారం దాకా ఉండమన్నాను.

"సరేనండీ" అన్నాను. అమ్మ తల ఎత్తలేదు. ఆకు తెంపుతూనే ఉంది.

నల్లగొండ కాలేజీ లెక్చరర్లు ఏడెనిమిది మంది నెలకొక ఆదివారం ఒకరింట్లో కూడేవాళ్ళు. ఎవరేం చదివారో, క్లాసులో ఏ పాఠం ఎట్లా చెబితే పిల్లలకు ఎక్కిందో, ఏం రాస్తున్నారో చెప్పుకునేవాళ్ళు. కెమిస్ట్రీ ఆయన పల్లెల్లో తిరిగి బావి నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, ఏ ఊరి నీళ్ళు తాగిన పిల్లలకు కాళ్ళు వంకర తిరుగుతున్నాయో చెప్పేవాడు. చరిత్ర ఆయన పానగల్లు శాసనాలు చదివి వినిపించేవాడు. ఇంగ్లీషు ఆయన కవిత్వం రాసేవాడు. ఏడెనిమిది నెలలకొకసారి మా వంతు వచ్చేది. వంటింట్లో గారెలు వేస్తూ, ఛాయ మరిగిస్తూ నేను అన్నీ వినేదాన్ని. నాకు ఆ ఆదివారాలు ఇష్టమని చెబితే ఎవరూ నమ్మరు. ఒకసారి నూనె మాడిపోతున్నా చూసుకోకుండా శాసనం గురించి వింటూ నిలబడిపోయాను. అప్పుడు మా అత్త భద్రమ్మ మా దగ్గరే ఉండేది. "ఆడు సదువుకుంట కూసుంటడు. నువ్వు సుత కూసుంటె పొయ్యి ఎవలు ముట్టిస్తరే?" అంది. అందులో కోపం లేదు. నిజంగానే ఆమెకు జవాబు తెలియక అడిగినట్టుంది.

మా ఆయన పేరు దశరథం. తెలుగు లెక్చరరు. మాలాగే వ్యవసాయం చేసుకునే ఇంటివాళ్ళే. హైదరాబాదులో పెద్ద చదువు చదివి, మా జిల్లా పల్లెమాటల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఉద్యోగంలో చేరిన తొలిరోజు స్టాఫ్ రూములో "గట్లనా సార్?" అన్నారట. అక్కడున్న నలుగురూ నవ్వారట. ఆ సంగతి పెళ్ళయిన కొత్తలో నాకు ఆయనే చెప్పారు. ఆ నవ్వు ఆయనలో ఎక్కడో అట్లాగే ఉండిపోయింది. తన నోరు తాను కడుక్కున్నారు, తర్వాత నా నోరు కడిగారు. నర్సింగమ్మ అనే నా పేరు పల్లెటూరి పేరని నళిని అని మార్చారు. 'గిట్ల' కాదు 'ఇలా', 'తెస్త' కాదు 'తెస్తాను'. రోజుకు పది పేజీలు పైకి చదివించేవారు. ఒకసారి ఇంగ్లీషు ఆయన భార్య వస్తే "కూసోండి, ఛాయ తెస్త" అనేశాను. వాళ్ళు వెళ్ళాక రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మూడోరోజు సాయంత్రం పరిశోధనకు మాటలు రాసుకునే కార్డూ పెన్నూ పట్టుకొని వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"మొన్న నువ్వు కూసోండి అన్నావు చూడు. మీ ఊళ్ళో చిన్నవాళ్ళతో ఏమంటారు? కూసో అంటారా, కూకో అంటారా? మళ్ళీ అను."

అన్నాను. ఆయన రాసుకున్నారు.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. పగలు నన్ను చూసి సిగ్గుపడే మనిషి ఆ సాయంత్రాలు మాత్రం నా ముఖంలోకి చూసేవారు. నేను నోరు విప్పితే ఆగి వినేవారు. విత్తనాలు వేసే గొర్రుకు పైన బిగించే చెక్కగిన్నెను జడ్డిగం అంటామని చెప్పిన రోజు ఆయన కళ్ళు మెరిశాయి. వాగు ఇసుకలో తవ్వుకునే నీటిగుంటను చెలిమె అంటామంటే, "మంచి మాట" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు కోసం నేను మాటలు వెతకడం మొదలుపెట్టాను. నాకు తెలిసినవి అయిపోతే బట్టలకు వచ్చే చాకలి బిక్షమ్మను అడిగాను. ఊరికి పోయినప్పుడల్లా అమ్మను అడిగాను. రంది, తండ్లాట, బుగులు, పజీత... అమ్మ బతుకంతా పడ్డ గోసలో నుంచి ఒక్కో మాట తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టేదాన్ని. ఆయన రాసుకొని రేకుపెట్టెలో వేసుకునేవారు. చెప్పినవాళ్ళ పేరు రాయాల్సిన చోట 'వ్యవసాయ స్త్రీ, కట్టంగూరు ప్రాంతం' అని ఉండేది. అది అమ్మా, నేనా అని ఎప్పుడూ అడగలేదు.

అరవై ఒకటిలో మాకు కొడుకు పుట్టి పదకొండు రోజులు బతికాడు.

వాడు పోయిన మరుసటి రోజు నాకు రవిక తడిసిపోయింది. ఒంట్లో నొప్పులు, జ్వరం. అమ్మ నన్ను వెనక వాకిట్లోకి తీసుకుపోయి, గోడ మూలకు కూర్చోబెట్టి, ఎవరూ తొక్కని చోట ఆ పాలు పిండించింది. నేను ఏడుస్తుంటే నా వీపు మీద చెయ్యి వేసి, చెవిలో చెప్పినంత మెల్లగా చెప్పింది.

"సోయిలేని పాలంటరు బిడ్డా వీటిని. పోరడు పోయిండని వీటికింక సోయి రాలె. నాకు సుత గిట్లనే అయింది, రెండుసార్లు. మా అవ్వ నాకు చెప్పింది, నేను నీకు చెప్తున్న. జర ఓపిక వట్టు. వీటికి సుత తెలుస్తది. తెలిసిననాడు ఆగిపోతయి."

ఆ మాటకు నా ఏడుపు ఆగింది. నా ఒంటికి ఇంకా ఆ వార్త చేరలేదు, అంతే. చేరేదాకా నేను దాని పక్కన కూర్చోవాలి. అట్లా అనుకుంటే కొంచెం ఊపిరి ఆడింది.

ఆయనా ఏడ్చారు. అది నేను దాచను. పిల్లవాడిని తీసుకుపోతుంటే "గిట్లెట్లయిందే నర్సా" అని, మరిచిపోయిన పేరుతో, మరిచిపోయిన మాటతో ఏడ్చారు. తర్వాత నాలుగు రోజులు నా మంచం దగ్గరికి రాలేదు. ఐదోరోజు వచ్చి పక్కన కూర్చున్నారు. చేయి పట్టుకుంటారేమో అనుకున్నాను.

"మీ అమ్మ నీకేదో చెబుతుంటే కిటికీలోంచి వినిపించింది. ఏం పాలు అంది?"

చెప్పాను. ఆయన మెల్లగా ఆ మాట రెండుసార్లు పలికి చూసుకున్నారు. జేబులోంచి పెన్ను తీశారు. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణాన నాకు సంతోషం వేసింది. నా పక్కన కూర్చున్నారు కదా అనిపించింది.

నేను పప్పు రుబ్బుతున్న ఆ ఆదివారానికి అది జరిగి మూడేళ్ళయింది. ప్రొఫెసరు గారు మా ఆయన పరిశోధనకు పైఅధికారి. ఆయన మెచ్చుకుంటే డాక్టరేటు వచ్చినట్టే. అందరూ వచ్చి చాపల మీద సర్దుకున్నారు. ప్రొఫెసరు గారికి, చరిత్ర ఆయనకు కుర్చీలు వేశాం. కెమిస్ట్రీ ఆయన నీళ్ళ లెక్కలు చెప్పాడు. ఇంగ్లీషు ఆయన పద్యం చదివాడు. గారెలు రెండో వాయ వేస్తుంటే మా ఆయన గొంతు మొదలైంది. వ్యవసాయం మాటలు చదివారు, వంటింటి మాటలు చదివారు. లోపలి నుంచి 'భేష్' అని వినిపించినప్పుడల్లా, ఎవరూ చూడకపోయినా, నా ముఖం వెలిగేది.

"ఇప్పుడు పురిటింటి మాట ఒకటి. సోయిలేని పాలు" అన్నారు. "బిడ్డ చనిపోయిన తర్వాత తల్లికి ఊరే స్తన్యం."

గడప మీద అమ్మ చేతులు ఆగిపోయాయి.

లోపల ఇంగ్లీషు ఆయన, "పాలకు సోయేమిటండీ? మీ రైతమ్మకు నాకంటే కవిత్వం ఎక్కువొచ్చినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, గారెలు తిన్నవాళ్ళ నవ్వు. ఆ నవ్వులో మా ఆయన నవ్వు కూడా వినిపించింది. "చదువులేని వాళ్ళు కదండీ, వాళ్ళ ఊహలు అట్లాగే ఉంటాయి. ఎక్కడో పొలం పనికొచ్చిన ముసలామె చెప్పింది" అన్నారు.

అమ్మ నా వైపు తిరిగింది. ఆ మసక కళ్ళతో నా ముఖం వెతికింది.

"గది నా మాట గాదె?"

నేను బాణలి వైపు తిరిగాను.

"ఆళ్ళకెట్ల ఎర్కయింది?"

"నేనే చెప్పిన" అన్నాను. ఆ ఇంట్లో చాలా ఏళ్ళకు నా నోట్లోంచి మా ఊరి మాట వెతక్కుండానే వచ్చింది.

అమ్మ చేతిలోని ఆకును ఒళ్ళో పెట్టుకుంది. "నీకు చెప్పిన బిడ్డా" అంది. "నీకొక్కదానికే చెప్పిన." మళ్ళీ ఆకు తెంపడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. ఆయన పెన్ను తీసిన ఆ రోజు నుంచీ నేనేం అమ్ముకున్నానో అప్పుడు అర్థమైంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఒక్క చూపు కోసం నేనే చేతులారా ఇచ్చేశాను. నా కొడుకు పదకొండు రోజులూ, అమ్మ ఇద్దరు పిల్లలూ ఆ ముందుగదిలో గారెల పళ్ళేల మధ్య ఉన్నారు. వాళ్ళను వెనక్కి తెచ్చుకోవడానికి నేను ఆ గదిలోకి వెళ్ళలేను. వెళితే ఛాయ గ్లాసులతో వెళ్ళాలి.

ఆయన గబగబా గుమ్మంలోకి వచ్చారు. "నళినీ, ఆ మాట వాక్యంలో ఎట్లా వాడతారు? ప్రొఫెసరు గారు అడుగుతున్నారు. తొందరగా చెప్పు."

బాణలిలో గారె తిరగేశాను. "నాకు తెలియదండీ" అన్నాను.

"అదేమిటి! నువ్వే కదా చెప్పావు."

"గుర్తులేదండీ."

ఆయన గిరుక్కున తిరిగారు. లోపలికి పోయి సొంతంగా ఒక వాక్యం కట్టి చెప్పారు. 'ఆమెకు సోయిలేని పాలు వచ్చినవి.' అట్లా ఏ ఆడదీ అనదు. ప్రొఫెసరు గారు బాగుందన్నారు. పురిటిగది మాటలన్నీ పోగుచేస్తే అది వేరే పుస్తకమవుతుందని, యూనివర్సిటీ చేత అచ్చు వేయిద్దామని అన్నారు.

అందరూ వెళ్ళాక, పొద్దు ఇంకా వాలకముందే, ఆయన వెనక వాకిట్లోకి వచ్చారు. "అత్తమ్మా, ఇక్కడెందుకు కూర్చున్నారు? లోపలికి రండి" అన్నారు. అమ్మను చెయ్యి పట్టి తీసుకుపోయి ప్రొఫెసరు గారు కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టారు. మా పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో అమ్మ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అంచు మీద, పడిపోతానేమో అన్నట్టు కూర్చుంది. ఆయన కింద చాప మీద కొత్త కార్డులు పెట్టుకున్నారు.

"కాన్పు టైములో మీరు ఏమేం మాటలు అంటారో చెప్పండి అత్తమ్మా. సిగ్గుపడకండి, నేను మీ కొడుకు లాంటివాణ్ణి."

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మాకేం మాటలుంటయి అయ్యా! ఏడుస్తం, గంతే."

"ఏదో ఒకటి అంటారు కదా."

"ముసల్దాన్ని. నాకేం యాదికుంటది కొడుకా?"

ఆయన ఇంకో నాలుగు విధాల అడిగారు. నాలుగు సార్లూ అమ్మ అంతే నెమ్మదిగా, అంతే మర్యాదగా ఏమీ చెప్పలేదు. ఆయన నవ్వి లేచారు. "నువ్వే మెల్లగా అడిగి రాబట్టు" అని నాతో అన్నారు.

మరునాడు దవాఖానలో డాక్టరు అమ్మ కళ్ళు చూసి, శుక్లాలు ముదరాలన్నాడు. చలికాలం పోయాక రమ్మన్నాడు. మధ్యాహ్నం బస్టాండులో నకిరేకల్ బస్సు కోసం నిలబడ్డాం. అక్కడ అమ్మ అడిగింది.

"ఇంకేమేం చెప్పినవ్ బిడ్డా?"

"అన్నీ చెప్పిననమ్మా."

"అన్నెట్ల చెప్తవ్? నీకు చెప్పనియి ఇంకున్నయి."

"నాకు చెప్పు."

అమ్మ బస్సు వచ్చే వైపు చూసింది. "గిప్పుడు గాదు" అంది.

బస్సు వచ్చింది. చెయ్యి పట్టి ఎక్కించాను. కిటికీ దగ్గర కూర్చొని ఎప్పటిలాగే "పైలం బిడ్డా" అంది. కానీ అమ్మ నా దగ్గర మాటలు దాచుకోవడం అదే మొదటిసారి. ఇంటికి వచ్చే దారి పొడుగునా నాకు అదే గుచ్చుకుంది. ఆ ఇంట్లో నాది అనుకున్న వాటిలో ఏదీ నాది కాదు, సరే. కానీ అమ్మ కూడా నన్ను ఆ ఇంటి మనిషిగానే లెక్కవేసుకుంది. ఆయనకు తెలియకూడనిది నాకూ తెలియకూడదని తీర్మానించుకుంది. తప్పు ఆమెది కాదు. ఇంటి తాళం తీస్తూ ఒక్కటే అనుకున్నాను. ఇల్లు విడిచి పోవడానికి నాకు జాగా లేదు, బతుకు నడిపే చదువు లేదు. ఊళ్ళో అన్నదమ్ముల ఇంట్లో చోటు లేదు. వంట చేస్తాను. ఛాయ పెడతాను. ఆయన రాసినవి శుభ్రంగా ఎత్తిరాసి పెడతాను. మాట మాత్రం ఇక ఇవ్వను.

అప్పటి నుంచి ఆయనతో అచ్చులో ఉన్నట్టే మాట్లాడుతున్నాను. 'వచ్చాను', 'చేశాను', 'అలాగేనండీ'. మొదటి నెల ఆయన మురిసిపోయారు. ఇంగ్లీషు ఆయన భార్య ముందు, "మా నళిని ఎంత చక్కగా మాట్లాడుతోందో చూశారా" అన్నారు. రెండో నెలలో కార్డులతో ఎదురుగా కూర్చొని, దీన్నేమంటారు, దాన్నేమంటారు అని అడిగితే, పుస్తకంలో ఉన్న మాటే చెప్పాను. కొన్నాళ్ళకు ఎదురుగా కూర్చోవడమే మానేశారు. ఇప్పుడు సాయంత్రాలు ఆయన ముందుగదిలో, నేను వంటింట్లో. నా ముఖంలోకి ఎవరూ చూడరు. అది నేను అనుకున్నదానికంటే కష్టంగానే ఉంది. బిక్షమ్మ బట్టలకు వచ్చినప్పుడు గుమ్మం బయట రెండు నిమిషాలు మాట్లాడుకుంటాం. ఆయన అడుగు చప్పుడు వినిపిస్తే ఆపేస్తాం.

మొన్న పుస్తకం సంగతి ఏమైందని ప్రొఫెసరు గారు ఉత్తరం రాశారు. ఆయన ఆ ఉత్తరం చేతిలో పట్టుకొని, ఈసారి గుమ్మం దాటి, పొయ్యి దాకా వచ్చారు.

"ఏమే, మీ ఊరి మాటే మరిచిపోయావా ఏమిటి నువ్వు?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది.

"మరిచిపోయానండీ" అన్నాను, ఒక్క అక్షరం తప్పు పోకుండా.